ఏటి ఒడ్డున రాత్రి బస: పిల్లాపాపలతో, కారవాన్‌తో వెళ్ళేవాళ్ళు చోటు ఎలా ఎంచుకోవాలి

హనుమకొండ నుంచి ములుగు మీదుగా ఏటూరునాగారం వెళ్ళే 163వ జాతీయ రహదారి మీద ఇప్పుడు టాప్ మీద టెంటు బిగించుకున్న కార్లు, లోపల పడకలు వేయించుకున్న టెంపో ట్రావెలర్లు, అప్పుడప్పుడు పడక, బాత్రూం లోపలే ఉండే అద్దె కారవాన్లు కూడా కనబడుతున్నాయి. ములుగు దాటకముందే గట్టమ్మ గుడి దగ్గర ఆగి, కొబ్బరికాయ కొట్టి, ముందుకు పోతుంటాయి. లోపల పిల్లలు, తాతయ్యలు, నానమ్మలు, మోకాళ్ళకు అడ్డంపడే సామాను. అందరికీ కావలసింది ఒకటే, నీళ్ళు కనబడే చోట ఒక రాత్రి పడుకోవడం.

చిక్కేమిటంటే, బండి నిలపడానికి గీతలు గీసిన స్థలం, పక్కనే కరెంటు, నల్లా, బాత్రూం అన్నీ ఉండే క్యాంపులు మన వైపు నది ఒడ్డున దాదాపు లేవు. టూరిజం వాళ్ళ హరిత హోటళ్ళు, అటవీశాఖ హట్లు, కొన్ని ప్రైవేటు రిసార్టులు ఉన్నాయి. మిగతాదంతా ఖాళీ ఒడ్డు. కాబట్టి చోటు బాగోగులు చూసుకునే పని మన మీదే పడుతుంది. ఆ పనికి నా లెక్క ఒక్కటే: నీళ్ళు మనకు కనబడాలి గాని, మనం నీళ్ళకు అందకూడదు.

ముందు నెల చూడండి, తర్వాతే ఊరు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. కవ్వాల్, ఆదిలాబాద్ వైపు చలి బాగా కొరుకుతుంది. టెంటు మీద మంచు నీళ్ళలా కారుతుంది. దుప్పట్లు ఎక్కువ పెట్టుకుంటే సరిపోతుంది. మార్చి దాటాక పగలు రేకు బండిలో కూర్చోలేరు. మే నెలలో వరంగల్, రామగుండం ఎండలు తెలిసినవే కదా.

జూన్ నుంచి సెప్టెంబరు చివరిదాకా మాత్రం ఏటి ఒడ్డున టెంటు అనే మాటే వద్దు. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వానలకే మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగిపోయింది. జనం ఇళ్ళ కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. జంపన్నవాగు కొండాయి ఊరి మీద పడింది. మామూలు రోజుల్లో పిల్లలు చెప్పులు చేతబట్టుకుని దాటే వాగులవి. వానాకాలంలో తప్పదనుకుంటే గది తీసుకుని, కిటికీలోంచి చూడండి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. గోదావరి పెరగడానికి మన దగ్గర వాన పడనక్కరలేదు. కాళేశ్వరం దగ్గర కలిసే ప్రాణహిత మహారాష్ట్ర విదర్భ నీళ్ళను మోసుకొస్తుంది. అక్కడ కుండపోత కురిస్తే ఇక్కడ ఆకాశం తెల్లగా ఉన్నా నది ఎక్కుతుంది. దిగువన ఇంద్రావతి ఛత్తీస్‌గఢ్ నీళ్ళను తెస్తుంది. పైన శ్రీరాంసాగర్, కడెం, ఎల్లంపల్లి గేట్లు ఎత్తారంటే ఆ నీళ్ళూ ఇటే రావాలి. కాబట్టి బయల్దేరే ముందు మీ ఊరి వాతావరణం ఒక్కటే చూస్తే చాలదు. వాతావరణ శాఖ (ఐఎండీ) హెచ్చరికలు ఎగువ జిల్లాలకు కూడా చూడండి, ప్రాజెక్టు గేట్ల వార్త చదవండి. కేంద్ర జలసంఘం వరద సూచనలు ఫోన్‌లోనే దొరుకుతాయి. అక్టోబరులో కూడా ఈ అలవాటు మానొద్దు.

తేదీల్లో ఇంకొక్కటి. రెండేళ్ళకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది. జాతర చూడటానికి వెళ్తే వేరే మాట. ప్రశాంతంగా గడపడానికైతే జాతరకు ముందూ వెనకా కొన్ని వారాలు పస్రా, తాడ్వాయి దారి వదిలేయండి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తాయి, అప్పుడు ఏ రేవులోనూ ఖాళీ దొరకదు.

నదా, చెరువా?

పిల్లలున్నవాళ్ళు నన్నడిగితే మొదటిసారి చెరువుకే పొమ్మంటాను. కాకతీయులు మనకు నదులకంటే మంచి క్యాంపు చోట్లే ఇచ్చి పోయారు. లక్నవరం, రామప్ప, పాకాల. వీటిలో నీళ్ళు కట్ట వెనక నిలబడి ఉంటాయి. నిండితే మత్తడి (అలుగు) ఎటు దుంకుతుందో ఊళ్ళో ప్రతివాడికీ తెలుసు. రాత్రికి రాత్రి ఎవరో గేట్లు ఎత్తారని మన కిందికి నీళ్ళు రావు. మత్తడి కాలువ పక్కన మాత్రం దిగొద్దు, అంతే జాగ్రత్త.

లక్నవరం గోవిందరావుపేట మండలంలో ఉంది, హనుమకొండ నుంచి సుమారు 75 కిలోమీటర్లు. దీవుల మీద కాటేజీలున్నాయి, వేలాడే వంతెనలున్నాయి. వంతెన మీద సామాను మోసుకుని నడవాలి, బండి ఇవతలే ఆగుతుంది. కారవాన్‌లోనే పడుకునేవాళ్ళకు ఇది ముఖ్యం. దీవి మీద గది తీసుకుంటే కారవాన్ పార్కింగ్‌లో ఒంటరిగా ఉంటుంది, కారవాన్‌లో పడుకుంటే కిటికీలోంచి పార్కింగే కనబడుతుంది. సెలవురోజుల్లో జనం గోల ఎక్కువ. మంగళ, బుధవారాల్లో వెళ్ళగలిగితే అదృష్టవంతులు.

రామప్ప చెరువు దగ్గర రాత్రి సద్దు తక్కువ. పొద్దున్నే లేచి 1213 నాటి గుడికి వెళ్ళొచ్చు, 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కాక పగలు రద్దీ పెరిగింది గనక పొద్దున్నే మేలు. పాకాల నర్సంపేట దాటాక వస్తుంది, చుట్టూ అభయారణ్యం. అందం అంటే అదే, కాని అనుమతి లేకుండా రాత్రి ఉండే చోటు కాదు. నిర్మల్ వైపు వెళ్ళేవాళ్ళకు కడెం, జన్నారంలో హరిత వాళ్ళ బసలున్నాయి. కవ్వాల్ పులుల అభయారణ్యం అంచున పిల్లలకు అడవి చూపించాలంటే ఇవి చాలు.

నదే కావాలంటారా, కాళేశ్వరం, మంథని, ధర్మపురి, రామన్నగూడెం లాంటి రేవు ఊళ్ళు చూడండి. ఊరు, గుడి, ఘాట్ ఉన్నచోట మనుషులుంటారు, వెలుతురుంటుంది, బాత్రూం దొరుకుతుంది. ఊరికి దూరంగా తెల్లటి ఇసుక మేట ఫోటోలో బంగారంలా ఉంటుంది. అక్కడ రాత్రి పడుకునే ఆలోచన నాకైతే నచ్చదు. దానికి కారణం కిందికొచ్చేసరికి తెలుస్తుంది.

ఫోన్ చేసి అడగవలసినవి

ఆన్‌లైన్‌లో బుక్ చేసి ఊరుకోకండి. హోటల్‌కు ఫోన్ చేసి, మేనేజర్‌తో కాకుండా వీలైతే అక్కడే ఉండే వాచ్‌మన్‌తో మాట్లాడండి. "అన్నా, మా బండి ఇరవై మూడు అడుగుల పొడుగు, పదడుగుల ఎత్తు, లోపలికి వస్తదా?" అని అడిగితే అతను గేటు, చెట్ల కొమ్మలు, కరెంటు తీగ గుర్తు చేసుకుని చెప్తాడు. మేనేజర్ "నో ప్రాబ్లం సార్" అంటాడు. మీ బండి కొలతలు ఏసీ డబ్బాతో సహా ముందే టేపుతో కొలిచి, స్టీరింగ్ దగ్గర కాగితం అంటించుకోండి. రైల్వే అండర్‌బ్రిడ్జిల దగ్గర కూడా అదే పనికొస్తుంది.

తర్వాత అడగండి: బండిలోనే పడుకుంటే ఒప్పుకుంటారా, పార్కింగ్ గేటు రాత్రి తాళం వేస్తారా, 15 ఆంపియర్ ప్లగ్ ఇస్తారా, బాత్రూం రాత్రంతా తెరిచి ఉంటుందా, బయట టెంటు వేసుకోవచ్చా.

అడవిలో అయితే అటవీశాఖ అనుమతి లేకుండా దిగనే వద్దు. ములుగు జిల్లాలో మీకు నచ్చే వాగు ఒడ్డులు చాలావరకు రిజర్వు ఫారెస్టులోనో, ఏటూరునాగారం అభయారణ్యంలోనో ఉంటాయి. "ఎవరూ చూడరులే" అనుకుని దిగిన తర్వాత రాత్రి పదకొండింటికి బీట్ ఆఫీసర్ టార్చి వేస్తే, నిద్రపోతున్న పిల్లల్ని లేపి టెంటు ఎత్తాల్సింది మీరే. రేంజ్ ఆఫీసులో ముందే అడగండి, లేదంటే తాడ్వాయిలో అటవీశాఖ హట్లున్నాయి, వాటిలో ఉండండి. పట్టా భూమి అయితే ఆ రైతును అడగండి. రాష్ట్ర సరిహద్దు మండలాల్లో స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి ఉంచడం మంచిది. మీ భద్రతకే కాదు, రాత్రి అడవి పక్కన తెలియని బండి నిలబడితే వాళ్ళకూ టెన్షనే.

సామాను దించకముందు ఒడ్డు చదవండి

మధ్యాహ్నం మూడు, మూడున్నరకల్లా చేరుకునేలా బయల్దేరండి. చీకటి పడ్డాక చేరితే చోటు చూడటం కుదరదు, దొరికిన దగ్గర పడిపోతాం. చేరగానే పిల్లల్ని బండిలోనే కూర్చోబెట్టి, పెద్దవాళ్ళిద్దరు ఒడ్డు వెంట కాసేపు నడవండి.

మొదట చెట్లను చూడండి. కొమ్మలకు, తుమ్మ ముళ్ళకు, ఫెన్సింగు తీగలకు ఎండుగడ్డి, ప్లాస్టిక్ సంచులు, చీర పేలికలు చిక్కుకుని ఉంటే, పోయిన వరద అంత ఎత్తు వచ్చిందని అర్థం. అవి మీ తలకంటే పైన కనబడితే మీరిప్పుడు నది లోపల నిలబడ్డారు, ఒడ్డున కాదు. తర్వాత నేల. పగుళ్ళు విచ్చిన సన్నటి బురద పొర ఉందంటే అక్కడ ఈమధ్యే నీళ్ళు నిలిచాయి. రెండు గట్ల మధ్య పల్లంగా, గులకరాళ్ళు పరుచుకుని ఉన్న చోటు ఎండిన ఒర్రె, అంటే సన్న వాగు. గాలి తగలదు, నేల చదునుగా ఉంటుంది, టెంటుకు భలే ఉందనిపిస్తుంది. పైన కొండల్లో గంటసేపు వాన పడితే అదే దారిలో నీళ్ళు వస్తాయి.

ఏరు వంపు తిరిగే చోట బయటి ఒడ్డును కోస్తుంది, లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుంది. బయటి ఒడ్డు మీద నుంచి దృశ్యం బాగుంటుంది, కాని కింద మట్టి జారిపోయి పైన పెచ్చులాగా మిగిలి ఉంటుంది. దాని అంచుకు మూడు టన్నుల బండి తెచ్చి నిలపొద్దు. ఇసుక మేట మీద లారీ టైర్ల గాడులు కనబడితే అది ఇసుక బండ్ల బాట. రాత్రిపూట లైట్లు వేసుకుని, కొన్నిసార్లు వేసుకోకుండా కూడా, వస్తుంటాయి. ఆ బాటలో పడుకోరు కదా ఎవరూ.

చెట్టు కింద దిగేముందు తల పైకెత్తండి. ఎండుకొమ్మలు, తాటి మట్టలు, అన్నిటికంటే ముఖ్యంగా తేనెతుట్టెలు. పెద్ద చెట్లకు, వంతెనల కింద తుట్టెలు మామూలే. కింద పొయ్యి పెడితే పొగకు ఈగలు లేస్తాయి.

ఇవన్నీ చూశాక కూడా ఆ ఊరి మనిషిని అడగాలి. బర్లు కాసేవాళ్ళో, చేపలు పట్టేవాళ్ళో ఎవరో ఒకరు ఉంటారు. "ఇక్కడ ఉండొచ్చా?" అని అడగొద్దు, మర్యాదకు "ఉండున్రి, ఏం కాదు" అంటారు. అడిగే తీరు వేరు.

"కాకా, పోయినేడు నీళ్ళు ఏడిదాంక వచ్చినయి?"

"గా చింతచెట్టు మొదలుదాంక వచ్చినయి బిడ్డా. అంతకు ముందటేడు గుడి మెట్లెక్కినయి."

ఇప్పుడు మీకు గీత దొరికింది. చింతచెట్టు దాటి, గుడి మెట్లు కూడా దాటి పైన దిగండి. బర్లు నీళ్ళకు దిగే దారి ఏదో కూడా అడిగి దానికి అడ్డం ఉండకండి.

బండి ఎక్కడ, ఎలా నిలపాలి

ఇసుకలోకి చక్రం దించొద్దు. ఎంత గట్టిగా కనబడినా సరే, పై పొర కింద మెత్తగా ఉంటుంది. ముందు కాలి మడమతో గట్టిగా తొక్కి చూడండి. మడమ దిగిపోతే చక్రం తప్పకుండా దిగుతుంది. మొరం నేల, పాత బండ్లబాట, గట్టి గడ్డినేల మంచివి.

బండి తిప్పుకునే జాగా ఉందో లేదో లోపలికి పోకముందే దిగి చూడండి. చెరువు కట్టల మీద రోడ్లు సన్నగా ఉంటాయి, ఒక ట్రాక్టర్ ఎదురొస్తే వెనక్కి పోవాల్సింది పెద్ద బండే. నిలిపేటప్పుడు ముందు భాగం దారి వైపు ఉండాలి. అర్ధరాత్రి వాన మొదలైతే రివర్సులు కొట్టే పని ఉండదు. దారిలో లోలెవల్ వంతెన గాని కాజ్‌వే గాని ఉంటే, అది దాటి అవతల బస చేయకపోవడమే మంచిది. వాగు వస్తే అవతలే చిక్కుకుంటారు. అడుగు లోతు పారే నీళ్ళు చిన్న కారును కదిలిస్తాయి, రెండడుగులైతే చాలా బండ్లను లాక్కుపోతాయి.

బండి చదునుగా ఉందా అని చూడటానికి గిన్నెలో సగం నీళ్ళు పోసి లోపల నేల మీద పెట్టండి. ఒక పక్కకు ఒరిగితే ఆ చక్రం కింద చెక్క పెట్టండి. తల పల్లంలో పెట్టి ఎవరికీ నిద్ర పట్టదు. హ్యాండ్‌బ్రేకుతో పాటు చక్రాలకు రాళ్ళు అడ్డం వేయండి.

ఏసీకి హోటల్ గోడలోని 5 ఆంపియర్ సాకెట్ వాడొద్దు. ఒక టన్ను ఏసీ కిలోవాట్ దాకా లాగుతుంది, సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు వేడెక్కి కరుగుతుంది. మందపాటి వైరు, ఎర్తింగ్ ఉన్న 15 ఆంపియర్ ప్లగ్ కావాలి.

ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. మూసిన బండిలోనూ టెంటులోనూ బొగ్గుల కుంపటి, స్టవ్ వెలిగించి పడుకోకండి. ఇంజిన్ నడుపుతూ ఏసీ వేసుకుని నిద్రపోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనా ఉండదు, రంగూ ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జనరేటర్ ఉంటే బండికి దూరంగా, గాలి మన వైపు వీచని పక్కన పెట్టండి. చలికి దుప్పటే మందు.

పిల్లలు, నీళ్ళు

గోదావరిలో, మానేరులో ఎండాకాలం నీళ్ళు మోకాలి లోతే కనబడతాయి. ఇసుక తీసిన చోట గుంతలుంటాయి, పైనుంచి తెలియవు. ఒక అడుగు మోకాలి లోతు, తర్వాతి అడుగుకు నేల ఉండదు. ఈత వచ్చినవాళ్ళు కూడా ఒకరిని కాపాడబోయి ఒకరు మునిగిపోయేది ఇలాంటి చోట్లే. బ్యారేజీల కింద, వంతెన స్తంభాల చుట్టూ అసలు దిగొద్దు. సైరన్ వినబడితే గేట్లు ఎత్తుతున్నారని అర్థం, సామాను వదిలేసి పైకి రండి.

ఊరివాళ్ళు రోజూ స్నానం చేసే రేవు ఏదో అడిగి, అక్కడే, పగటిపూటే, పెద్దవాళ్ళు ముందు దిగి చూశాక పిల్లల్ని దించండి. లైఫ్‌జాకెట్లు ఇంటి దగ్గర నుంచే తీసుకెళ్ళండి, పిల్లల సైజువి అక్కడ దొరకవు. సాయంత్రం ఆరు తర్వాత నీళ్ళ వైపు ఎవరూ పోకూడదని ముందే చెప్పి, పిల్లల్ని కనిపెట్టుకునే వంతు పెద్దవాళ్ళలో ఒకరికి అప్పగించండి. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదన్నమాట.

మొసళ్ళ సంగతి కూడా అడగండి. మంథని దగ్గర గోదావరి వెంట ఉన్న శివారం అభయారణ్యం మొసళ్ళకోసమే ఉంది. అటువైపు మడుగుల్లో చేతులు కూడా కడగొద్దు.

పెద్దవాళ్ళు, బాత్రూం

చాలా ప్రయాణాలు చెడేది ఇక్కడే. నానమ్మకు మోకాళ్ళ నొప్పులుంటే వెస్ట్రన్ కమోడ్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి. బాత్రూం ఎంత దూరం, దారిలో లైటుందా, మెట్లెన్ని, లోపల గడియ పడుతుందా చూడండి. ఆడవాళ్ళు ఈ ప్రశ్నలన్నీ ముందే అడుగుతారు, మగవాళ్ళు చేరాక చూద్దామంటారు. బుకింగ్ పని ఆడవాళ్ళకు ఇవ్వమని నా సలహా.

తాగడానికి 20 లీటర్ల క్యాన్లు వెంట ఉండాలి. కారవాన్ ట్యాంకులో వంద లీటర్లున్నా నలుగురు స్నానాలు చేస్తే మరునాటికి అడుగంటుతుంది. ట్యాంకు నీళ్ళు కడుక్కోవడానికే. మురికినీళ్ళ ట్యాంకు, టాయిలెట్ డబ్బా ఖాళీ చేసే ఏర్పాటు మన దగ్గర విడిగా ఎక్కడా కనబడదు. హోటల్‌వాళ్ళను అడిగి వాళ్ళ సెప్టిక్ ట్యాంకులో పోయండి. ఏట్లో పోస్తే కింద రేవులో ఎవరో నోట్లో పోసుకునే నీళ్ళవి.

రాత్రి

వంట తేలికగా పెట్టుకోండి. ఇంటి నుంచి సర్వపిండి, పులిహోర తెచ్చుకుంటే మొదటి రాత్రి పొయ్యి గోలే ఉండదు. రిజర్వు ఫారెస్టులో మంట పెట్టడం నేరం. రామప్ప, లక్నవరం దగ్గర కోతులు టెంటు జిప్పు తీయడం నేర్చుకున్నాయా అనిపిస్తుంది. తిండి సంచులు బండి లోపల పెట్టి తలుపు వేయండి.

నేల మీద చాప వేసుకుని పడుకోవద్దు. కట్లపాము రాత్రి తిరుగుతుంది, కరిస్తే నొప్పి కూడా సరిగా తెలియదు. టెంటు జిప్పు పూర్తిగా మూయండి, మంచం ఉంటే మంచం మీద పడుకోండి, చెప్పులు దులిపి వేసుకోండి, టార్చి లేకుండా అడుగు వేయకండి. పాము కరిచినట్టు అనుమానం వచ్చినా కట్టు బిగించడం, కోయడం, నాటుమందు, ఏమీ వద్దు. కరిచిన చేయి గాని కాలు గాని కదలకుండా ఉంచి నేరుగా ప్రభుత్వాసుపత్రికి పోండి. 108కి ఫోన్ కలవని చోట బస చేస్తుంటే, దగ్గరి ఆసుపత్రికి దారి పగలే చూసి ఉంచుకోండి. ఏజెన్సీ మండలాల్లో మలేరియా ఉంది గనక దోమతెర తప్పనిసరి. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో చలిజ్వరం వస్తే డాక్టరుకు ఎక్కడికి వెళ్ళొచ్చారో చెప్పండి.

చోటు నచ్చకపోతే ఆ సంగతి సాయంత్రం నాలుగింటికే తేల్చుకోండి. దానికోసమే దగ్గరి ఊళ్ళో ఒక లాడ్జి నంబరు దగ్గర పెట్టుకోవాలి. ములుగులోనో, భూపాలపల్లిలోనో, హనుమకొండకే వచ్చేసో పడుకుని, పొద్దున్నే మళ్ళీ ఏటికి పోవచ్చు.

తెల్లారి బయల్దేరేటప్పుడు మంచుకు తడిసిన టెంటును అలాగే మడిచి సంచిలో కుక్కకండి. రెండ్రోజుల్లో బూజు పట్టి మళ్ళీ పనికిరాకుండా పోతుంది. వదులుగా చుట్టుకుని తెచ్చి, ఇంటికి రాగానే డాబా మీద ఆరేయండి.